మెట్లు తీసిన బాస్ గిటార్

మామూలు బాస్ గిటార్ మెడ మీది లోహపు మెట్లను (ఫ్రెట్లను) ఊడదీసి, గాడులు పూడ్చి, వయొలిన్ మెడలా నున్నగా చేసుకున్న వాద్యం. ఫ్రెట్‌లెస్ బాస్ అని వాడుక. చవక వాద్యాన్ని ఇలా మార్చుకోవడం మొదటినుంచీ ఉంది.

తర్వాత రోలింగ్ స్టోన్స్ బృందంలో చేరిన బిల్ వైమన్ 1961లో ఒక పాత డల్లాస్ టక్సీడో బాస్ కొని, కొత్త మెట్లు వేయాలని పాతవి తీసి, నాదం నచ్చి అలాగే ఉంచేశాడని ప్రసిద్ధి. ఆ సంవత్సరానికి ముఖ్య ఆధారం ఆయన జ్ఞాపకమే. కంపెనీ తయారీలో మొదటిదిగా సాధారణంగా ఒప్పుకునేది ఆంపెగ్ వారి ఏయూబీ-1 (1966). ఫెండర్ సంస్థ 1970లో మెట్లు లేని ప్రెసిషన్ బాస్ తెచ్చింది. బాస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ వాయించిన 1962 నాటి ఫెండర్ జాజ్ బాస్ విషయంలో రెండు కథనాలున్నాయి. వెన్న రాసుకునే కత్తితో మెట్లు తానే పెకలించాడనేది ఒకటి. అప్పటికే మెట్లు తీసేసిన వాద్యాన్ని కొన్నాడనేది రెండోది. రెండూ ఆయన మాటలుగానే ప్రచారంలో ఉన్నాయి. మొదటిదానికే ప్రచారం ఎక్కువ. గొప్ప చెప్పుకోని రెండోదే నమ్మదగినదిగా తోస్తుంది. గాడుల్లో పుట్టీ నింపి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పూయడం మాత్రం రెండింటిలోనూ ఉంది. చవకలో చేసుకునేవారు నేటికీ అనుసరించేది దాదాపు ఇదే పద్ధతి.

మెట్లు తీస్తేనే గమకం పలుకుతుందన్న వాదన నిలవదు. సరస్వతీ వీణకు మైనంలో కూర్చిన 24 మెట్లున్నాయి; పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014) మెట్లున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే రాగాలు పలికించారు. అయితే బాస్ తీగలు లావు. వాటిని పక్కకు లాగి స్వరం పెంచడం కష్టం కనుక, మెట్లు లేని గోటువాద్యంలో లాగా జారుడుకు మెట్లు లేకపోవడం ఇక్కడ ఎక్కువ ఉపకరిస్తుంది.

పనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మెట్టును సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేస్తే పాత జిగురు మెత్తబడుతుంది. నోరు చదునుగా అరగదీసిన కటింగ్ ప్లేయర్‌తో ఒక కొసనుంచి మెల్లగా లేపాలి. తొందరపడితే చెక్క పెచ్చులూడుతుంది. గాడుల్ని ఖాళీగా వదలకూడదు. మెట్ల బిగువు పోయిన మెడ తీగల లాగుడుకు ముందుకు వంగే అవకాశం ఉంది. పలుచటి వెనీర్ పట్టీ గానీ, రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీ గానీ నింపి, మెడ ఒంపుకు సరిపడే చెక్కదిమ్మకు ఎమరీ పేపర్ చుట్టి రుద్దాలి. మెట్ల ఎత్తు, అంటే సుమారు ఒక మిల్లీమీటరు, తగ్గుతుంది కాబట్టి మెడ తల దగ్గర తీగలు ఆనే నట్ గాడులు లోతు చేసి, అవతలి కొసన ఉండే బ్రిడ్జి దించి, మెడ లోపలి ట్రస్ రాడ్ సరిచూడాలి.

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఆలోచించవలసింది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలు. తేమ ఆరిన చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువుగా దాదాపు మారదు. వేసవిలో మెట్ల కొసలు మెడ అంచు దాటి చేతికి గుచ్చుకోవడానికి కారణం ఇదే. మెట్లు తీసినా ఈ బాధ పూర్తిగా పోదు. వెనీర్ పట్టీ నార సాధారణంగా పట్టీ పొడవునా, అంటే మెడకు అడ్డంగా ఉంటుంది. మెడ వెడల్పు తగ్గినా పట్టీ పొడవు తగ్గదు, కొస బయటికి వస్తుంది. గాడి వెడల్పు మాత్రం మెడ నార దిశలోనే ఉన్నందువల్ల పట్టీ వదులుకాదు. కాబట్టి ఈ సీమలో పట్టీల అంచులు అరగదీయడానికి నడివేసవి మేలు. అప్పటికి చెక్క బాగా కుంచించుకుని ఉంటుంది. వానాకాలంలో ఉబ్బినా పట్టీ కొస లోపలికే పోతుంది, చేతికి తగలదు. వానల్లో చేసిన పనికి వేసవిలో మళ్లీ ఆకురాయి పట్టవలసి రావచ్చు.

పట్టీలకు టేకు వెనీర్ చాలు. కడప కొండల ఎర్రచందనం జపాన్‌లో షమిసెన్ అనే మెట్లు లేని మూడు తీగల వాద్యానికి మెడగా పేరుపొందింది. కానీ 1995 నుంచి అది సైటిస్ (అంతరించే జాతుల అంతర్జాతీయ వర్తక ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. అనుమతి పత్రాలు లేని ముక్కను, ఎంత చిన్నదైనా, ముట్టుకోకూడదు.

చదునుగా చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు మెడను తక్కువగా అరగదీస్తాయి. గరుకు రౌండ్‌వౌండ్ తీగలే కావాలంటే ఎపాక్సీ పూత దాదాపు తప్పనిసరి. వేలు పాత మెట్టుకు వెనక కాకుండా సరిగ్గా పూడ్చిన గాడి గీత మీదే పడాలి. 34 అంగుళాల తీగపొడవు మీద మొదటి గీత నట్‌కు సుమారు 48.5 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, పన్నెండోది సరిగ్గా సగంలో. పైకి పోయేకొద్దీ ఎడం తగ్గుతుంది, అక్కడ చిన్న తేడా కూడా చెవికి తెలుస్తుంది.