లక్సెంబర్గ్ పర్యటన

లక్సెంబర్గ్ పర్యటన అనగా పశ్చిమ ఐరోపాలో బెల్జియము, ఫ్రాన్సు, జర్మనీల నడుమనున్న లక్సెంబర్గ్ దేశమునకు విహారార్థము చేయు ప్రయాణము. ఈ దేశ వైశాల్యము 2,586 చ.కి.మీ. ఉత్తర దక్షిణములుగా 82 కి.మీ., తూర్పు పడమరలుగా 57 కి.మీ. మాత్రమే ఉన్నది. 2016లో కామారెడ్డి జిల్లా విడిపోయిన తరువాత మిగిలిన నిజామాబాదు జిల్లా కూడా దీనికంటె పెద్దది. నిజామాబాదు జిల్లాలోని మెండోర వంటి గ్రామీణ ప్రాంతము నుండి బయలుదేరువారు చేసుకొనవలసిన ఏర్పాట్లు ఈ వ్యాసములో వివరించబడినవి.

పాస్‌పోర్టు

శ్రీరాంసాగర్ ప్రాజెక్టు పరిసరములలోని మెండోర ప్రాంతములో పాస్‌పోర్టు కొత్త వస్తువు కాదు. నిజామాబాదు జిల్లా నుండి దశాబ్దాలుగా వేలాదిమంది పనికొరకు గల్ఫ్ దేశాలకు వెళ్ళుచున్నారు. నిజామాబాదు పట్టణములోనే పాస్‌పోర్టు సేవా కేంద్రము కలదు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుపై సాధారణముగా 'ఈసీఆర్' గుర్తు ఉండును. ఇది గల్ఫ్ మొదలగు 18 దేశాలకు ఉద్యోగార్థము పోవువారికే వర్తించును గాని, ఐరోపా విహారయాత్రకు అడ్డంకి కాదు. పాస్‌పోర్టు జారీ అయి పదేళ్ళు దాటియుండరాదు. తిరుగు ప్రయాణము తరువాత కనీసము మూడు నెలల గడువు మిగిలియుండవలెను.

వీసా

గల్ఫ్ వీసాను పని ఇచ్చు సంస్థ పంపును. విహారయాత్ర వీసా అట్లు రాదు. తిరిగి వచ్చెదనని ప్రయాణికుడే నిరూపించుకొనవలెను. లక్సెంబర్గ్ షెంజెన్ కూటమిలోని 29 దేశాలలో ఒకటి. ఒకే వీసాతో ఈ దేశాలన్నిటిలో 180 రోజుల వ్యవధిలో మొత్తము 90 రోజులకు మించకుండ తిరుగవచ్చును. అయితే దరఖాస్తు ఏ దేశమునకు చేయవలెనన్నది ముఖ్యము. ఎక్కువ రోజులు ఎక్కడ గడుపుదురో ఆ దేశమునకే చేయవలెను. రోజులు సమానమైనచో మొదట అడుగుపెట్టు దేశమునకు చేయవలెను. చిన్న దేశము కనుక లక్సెంబర్గులో రెండు రోజులుండి మిగిలిన ఐదు రోజులు జర్మనీలో గడుపువారే అధికము. అట్టివారు లక్సెంబర్గుకు దరఖాస్తు చేయుట పొరపాటు. కావున హోటలు చూచుటకంటె ముందు రోజుల లెక్క తేల్చుకొనవలెను.

రుసుము 2024 జూన్ 11 నుండి పెద్దలకు 90 యూరోలు, ఆరు నుండి పన్నెండేళ్ళలోపు పిల్లలకు 45 యూరోలు. వీసా నిరాకరించినను ఇది తిరిగి ఇవ్వబడదు. అందువలన వీసా రాకముందు, రద్దు చేసుకొనుటకు వీలులేని విమాన టికెట్టు కొనుట అప్పు చేసి పంట పారబోయుట వంటిది. కనీసము 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

జీతగాళ్ళకు జీతపు చీటీలుండును. రైతుకు వ్యవసాయ ఆదాయముపై పన్ను లేనందున చాలమంది వద్ద ఆదాయపు పన్ను పత్రములుండవు. అట్టివారు పట్టాదారు పాసుపుస్తకము, నిజామాబాదు మార్కెటు యార్డులో పసుపు అమ్మిన రశీదులు, ఆ సొమ్ము జమ అయినట్లు చూపు బ్యాంకు ఖాతా వివరములు జతచేయవచ్చును. తెలుగు కాగితములకు ఆంగ్లానువాదము అవసరము. దరఖాస్తుకు ముందురోజు ఒక్కసారిగా ఖాతాలో వేసిన పెద్ద మొత్తము మేలు చేయకపోగా అనుమానమునకు తావిచ్చును. గల్ఫులో నివాస అనుమతితో ఉన్నవారు అక్కడి నుండే దరఖాస్తు చేయుదురు.

కాలము

ప్రయాణమునకు మే నుండి సెప్టెంబరు వరకు అనుకూలము. డిసెంబరులో సాయంత్రము ఐదు కాకముందే చీకటిపడును. దరఖాస్తును ఆరు నెలల ముందు నుండి ఇవ్వవచ్చును. ప్రయాణమునకు 15 రోజులలోపు ఇచ్చుట కుదరదు. పరిశీలనకు సాధారణముగా 15 రోజులు, ఒక్కొక్కప్పుడు 45 రోజులు పట్టును. మే నెల యాత్రకు ఫిబ్రవరిలోనే కాగితములు సిద్ధము కావలెను. మెండోరలో అవి పసుపు తవ్వి ఉడకబెట్టు రోజులు; ఇంటిలో ఒకరికి ఈ పని అప్పగించక తప్పదు.

ప్రయాణము, సందర్శన

హైదరాబాదు నుండి లక్సెంబర్గుకు నేరు విమానము లేదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, లేదా గల్ఫ్ నగరముల మీదుగా వెళ్ళవలెను. 2020 ఫిబ్రవరి 29 నుండి దేశమంతటా బస్సులు, ట్రాములు, రెండవ తరగతి రైళ్ళు విదేశీయులకు సహితము ఉచితము. సరిహద్దు దాటినచో టికెట్టు కొనవలెను. ఈ సౌకర్యము వలన రాజధానిలో ఒకే బసనుంచుకొని దేశమంతయు చూడవచ్చును.

రాజధానిలోని పాత నగరము, కోటలు 1994లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరినవి. కొండరాతిని తొలిచిన బోక్ సొరంగములు, వియాండెన్ కోట, ఎక్టర్‌నాక్ పట్టణము చూడదగినవి. ఎక్టర్‌నాక్‌లో ఏటా మే లేక జూన్‌లో జరుగు నృత్య ఊరేగింపును యునెస్కో 2010లో గుర్తించినది. వీసాకు పేరిచ్చిన షెంజెన్, మోజెల్ నది ఒడ్డున ఉన్న చిన్న పల్లె. 1985 జూన్ 14న ఐదు దేశాల ఒప్పందము అక్కడ, నదిపై నిలిచిన ఓడలో కుదిరినది.

ఆహారము

ఐరోపా కూటమిలోనికి బయటి దేశాల నుండి మాంసము, పాల పదార్థములు తీసుకొనిపోరాదు. కావున నెయ్యి, పాలకోవా ఇంటనే వదలవలెను. ధ్రువపత్రము లేని మామిడి పండ్లు కూడా అనుమతించరు. సకినాలు, నూనెలో ఊరిన మామిడికాయ తొక్కు ఈ నిషేధములోనికి రావు.