బిల్లు, లేబుల్, తక్‌పట్టీ: పత్తి రైతు పారేయకూడని మూడు కాగితాలు

రోహిణి కార్తె దాటి నాలుగు చినుకులు పడగానే వరంగల్ చుట్టుపక్కల విత్తన దుకాణాల ముందు రైతులు బారులు తీరుతారు. ప్యాకెట్లు చేతికొస్తాయి, సంచిలో పడతాయి. బిల్లు మాత్రం చాలామంది అడగరు. ఉద్దెరకు తెచ్చుకునే వాళ్లైతే అడగడానికి మొహమాటపడతారు. విత్తనం ఎంతకు అమ్మాలి, ఏ పురుగుమందు అమ్మకూడదు, పత్తిని ఎంతకు కొనాలి అన్నవి ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో తేలే విషయాలు. అక్కడ రాసుకున్న నిబంధన మీ చేను దాకా రావాలంటే మీ దగ్గర కాగితం ఉండాలి. విత్తనానికి బిల్లు, మందుకు లేబుల్, అమ్మకానికి తక్‌పట్టీ. ఈ మూడూ ఉన్న రైతుకు, లేని రైతుకు నష్టం వచ్చిన రోజున తేడా తెలుస్తుంది.

వరంగల్ ఎందుకు గుర్తుంచుకోవాలి

1997-98లో ఈ జిల్లా పత్తి చేలను లద్దె పురుగు ఊడ్చేసింది. ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. ఆ ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో వందల మంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అందులో వరంగల్ జిల్లా పేరే ముందు వినిపించింది. నాసిరకం విత్తనం, కల్తీ మందు, వాటిని అప్పుకిచ్చి పంటను కూడా తానే కొనే వ్యాపారి: ఆనాడు ఎవరు చేసిన విచారణలోనైనా ఈ మూడు మాటలు పక్కపక్కనే వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన చాలా నిబంధనలకు మూలం ఆ చేదు అనుభవమే.

విత్తన ధర ఎలా దిగింది

2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. తొలి రకాలు మన దగ్గర సరిగా నిలబడలేదు. వాటిలో మూడింటికి 2005లో ఆంధ్రప్రదేశ్ వరకు అనుమతి పొడిగించలేదు. అప్పట్లో 450 గ్రాముల ప్యాకెట్ 1,600 నుంచి 1,850 రూపాయల వరకు పలికేది. అందులో పెద్ద వాటా సాంకేతికతకు వసూలు చేసే రాయల్టీయే. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్త వ్యాపారాల నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసి, ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. ఎకరాకు రెండు ప్యాకెట్ల లెక్కన మూడెకరాల రైతుకు ఒక్క విత్తనంలోనే కనీసం 5,100 రూపాయలు మిగిలాయి. 2007లో దీనికి రాష్ట్ర చట్టం వచ్చింది. 2015 చివర్లో కేంద్రమే దేశమంతటికీ ధర నిర్ణయించే ఉత్తర్వు తెచ్చింది. 2016లో బీజీ-2 ప్యాకెట్ గరిష్ఠ ధర 800 రూపాయలు, 2019లో 730, 2024లో 864, 2025లో 901.

దుకాణానికి వెళ్లే ముందు ఆ ఏటి ధర తెలుసుకోండి. పేరున్న రకానికి గిరాకీ ఎక్కువైనప్పుడు 'స్టాక్ లేదు' అని చెప్పి, తర్వాత వెనక నుంచి రెండు మూడు వందలు ఎక్కువ తీసుకుని ఇచ్చే పద్ధతి ఉంది. అలాంటి అమ్మకానికి బిల్లు ఇవ్వరు. బిల్లు ఇవ్వనంటున్నారంటే ధర దగ్గరో సరుకు దగ్గరో తేడా ఉందని అనుమానించండి.

బిల్లు మీద ఏముండాలి

మీ పేరు, ఊరు, తేదీ, రకం పేరు, కంపెనీ పేరు, లాట్ నంబరు, ప్యాకెట్ల సంఖ్య, ధర, డీలర్ సంతకం ఉండాలి. వీటిలో లాట్ నంబరు ముఖ్యం. అది లేకపోతే మీ చేలో మొలవని విత్తనం ఆ కంపెనీదేనని చెప్పడం కష్టం. ఉద్దెరకు తీసుకున్నా బిల్లు అడగడం మీ హక్కు, బిల్లు మీద 'ఉద్దెర' అని రాయించుకోవచ్చు. తెల్లకాగితం చిట్టీ మీద మొత్తం మాత్రమే రాసిస్తే అది డీలర్ లెక్క మాత్రమే, మీకు రుజువు కాదు.

నాటేటప్పుడు ఖాళీ ప్యాకెట్లను గట్టు మీద పారేయకండి. ఒక ప్యాకెట్‌లో పిడికెడు గింజలు మిగిల్చి, అలాగే మడిచి బిల్లుతో కలిపి ఇంట్లో దాచండి. వీలైతే నాటడానికి వారం ముందే వంద గింజలను తడి గోనెపట్టాలో చుట్టి చూడండి. హైబ్రిడ్ పత్తికి కనీస మొలక శాతం 75. అంతకంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనం చేలో పడకముందే మీకు తెలిసిపోతుంది.

మొలక రాకపోయినా, పూత కాయ నిలవకపోయినా ముందు మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే ఫైలు కదలదు. చేను దున్నేయకముందే అధికారులు, శాస్త్రవేత్తలు వచ్చి చూసి నివేదిక రాయాలి. వరంగల్‌లో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. మళ్లీ విత్తుకోవాలన్న తొందరలో చేను దున్నేసి, తర్వాత ఫిర్యాదుకు వచ్చే వాళ్లే ఎక్కువ. కొంత భాగమైనా వదిలి, ఫొటోలు తీసి, చుట్టుపక్కల రైతుల సంతకాలతో పంచనామా రాయించండి.

1966 విత్తన చట్టం మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అందులో తొలి తప్పుకు గరిష్ఠ జరిమానా 500 రూపాయలు. రైతుకు పరిహారం ఇప్పించే ఏర్పాటు ఆ చట్టంలో లేనే లేదు. నకిలీ విత్తనాలు అమ్మేవారిని పీడీ చట్టం కింద నిర్బంధించేలా తెలంగాణ 2017లో మార్పు చేసింది. దాంతో కొందరు జైలుకు వెళ్లారు. అయితే అమ్మినవాడు జైలుకు వెళ్తే మీ పెట్టుబడి తిరిగి రాదు. పరిహారానికి దారి వినియోగదారుల కమిషన్. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని జాతీయ విత్తన సంస్థకు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకు మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరిలో తేల్చింది. 'విత్తన నమూనా పరీక్షకు పంపలేదు' అన్న కంపెనీ వాదనను కూడా కోర్టు ఒప్పుకోలేదు. కొన్న విత్తనమంతా నాటుకునే రైతు పరీక్ష కోసం దాచి ఉంచుతాడని ఎలా అనుకుంటామన్నది కోర్టు ప్రశ్న. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే దాఖలు చేసుకోవచ్చు. కానీ బిల్లు లేకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు.

'బీజీ-3' పేరుతో వచ్చే విత్తనం

గడ్డిమందు కొట్టినా పత్తి చావదని చెప్పి లూజుగా, పేరులేని ప్యాకెట్లలో అమ్మే విత్తనానికి దేశంలో అనుమతి లేదు. కలుపు కూలీ దొరకని చోట దాని మీద ఆశ పుట్టడం సహజమే. ఆ ఇబ్బంది నిజమైనదే, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ విత్తనానికి బిల్లు ఉండదు, లాట్ నంబరు ఉండదు, మొలవకపోతే అడిగే దిక్కుండదు. పైగా దాని మీద కొట్టే గ్లైఫోసేట్‌కు మన దేశంలో అనుమతి తేయాకు తోటలకు, పంటలు లేని స్థలాలకే ఉంది. గాలికి పక్క చేను మీద పడితే వచ్చే తగాదా మీ ఇద్దరి మధ్యే మిగులుతుంది, విత్తనం అమ్మినవాడు కనిపించడు.

మందు డబ్బా మీద రంగు

పురుగుమందు డబ్బా మీద రెండు త్రికోణాలతో కూడిన చతురస్రం ఉంటుంది. కింది త్రికోణం ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే తీవ్ర విషం, నీలమైతే మధ్యస్థం, ఆకుపచ్చైతే తక్కువ. ఎరుపు, పసుపు డబ్బాల మీద 'పాయిజన్' అని ఉంటుంది. పనిచేసే గుణం రంగును బట్టి ఉండదు. 'ఎర్ర డబ్బా అయితేనే పురుగు చస్తుంది' అన్న మాట మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది గానీ, ఆ రంగు చెప్పేది మనిషికి ఎంత ప్రమాదమో మాత్రమే.

కొన్ని మందులు ఇప్పుడు అమ్మకూడదు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్‌వాస్, ఫాస్ఫామిడాన్, అలాక్లోర్, ట్రైక్లోర్‌ఫాన్ 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం. మిథైల్ పారాథియాన్, కార్బరిల్ 2018లోనే పోయాయి. 2023లో మిథోమిల్‌ను, డైకోఫాల్‌ను నిషేధించారు. అదే ఏడు 36 శాతం మోనోక్రోటోఫాస్‌ను కూడా ఆపి, ఉన్న సరుకును గడువు తేదీ వరకే అమ్మనిచ్చారు. ఎవరైనా ఇవి ఇస్తే తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. పాత సరుకు తక్కువ ధరకు ఇస్తున్నారంటే దాన్ని మీ చేత వదిలించుకుంటున్నారన్నమాటే.

'పనిచేసే మందులన్నీ ఆపేస్తున్నారు' అని చాలామంది రైతులు కోప్పడతారు. శ్రీలంక అనుభవం చూడండి. అక్కడ 1995 నుంచి అత్యంత విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా ఆపారు. పదేళ్లలో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి తగ్గింది. పంట దిగుబడులు పడిపోలేదు. ఇంట్లో కోపంలోనో దిగులులోనో ఒక్క క్షణం వస్తుంది. ఆ క్షణంలో చేతికి అందే డబ్బా ఎంత విషమన్నదాని మీద ప్రాణం ఆధారపడుతుంది. మందులు ఇంట్లో వద్దు, దొడ్డిలో పెట్టెకు తాళం వేసి ఉంచండి. మనసు బరువెక్కినప్పుడు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు కాదు.

చేలో జరిగే ప్రమాదం వేరు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. చెట్లు మనిషెత్తు దాటి పెరగడం, మందు మీదికి చల్లాల్సి రావడం, రెండు మూడు మందులు కలిపి కొట్టడం: అన్నీ కలిసి వచ్చాయి. లేబుల్‌లో కలపమని రాసి లేని మందులను కలపకండి. ఎదురుగాలిలో కొట్టకండి. నిండు చేతుల చొక్కా, చేతికి తొడుగు, మూతికి బట్ట ఉండాలి. కూలీ మనిషి చేత కొట్టిస్తే ఇవి సమకూర్చాల్సింది మీరే.

తల తిరిగినా, చెమటలు పట్టినా, నోట్లో నీరూరినా, కంటిపాప చిన్నదైనా వెంటనే పని ఆపి, బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడగాలి. పాలు తాగించడం, వాంతి చేయించడం వద్దు. 108కి ఫోన్ చేసి, మందు డబ్బాను మనిషితో పాటు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎంజీఎంలోనైనా మరెక్కడైనా డాక్టరు ముందు అడిగేది 'ఏ మందు?' అనే. లేబుల్ మీద విరుగుడు రాసి ఉంటుంది. కొన్నింటికి విరుగుడే లేదు. గడ్డిమందు పారాక్వాట్ అలాంటిది. డబ్బా మీద కాగితం చింపేసి నూనె సీసాగానో నీళ్ల సీసాగానో వాడే అలవాటు ఇంకా పోలేదు. దాన్ని ఈరోజే మానేయండి.

ఏ పురుగుకు ఏ మందు అన్న సందేహానికి దుకాణదారు సలహా కంటే 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్, లేదా మీ ఏఈఓ నయం. వాళ్లకు ఆ డబ్బా అమ్ముడుపోవాల్సిన అవసరం లేదు.

మార్కెట్‌లో

2025 ఆగస్టు 19న కేంద్రం దిగుమతి పత్తిపై 11 శాతం సుంకం ఎత్తేసింది. ఆ మినహాయింపు డిసెంబరు ఆఖరు వరకు నడిచింది. సరిగ్గా మన తొలి ఏరిన పత్తి ఏనుమాముల యార్డుకు వచ్చే కాలమది. మిల్లుకు బయటి పత్తి చవగ్గా దొరికితే ఇక్కడి వ్యాపారి పాట తగ్గుతుంది. అలాంటి ఏడు మద్దతు ధరకు కొనే సీసీఐ కేంద్రమే గతి. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాల్ 8,110 రూపాయలు, మధ్యస్థ పింజకు 7,710.

తేమ 8 శాతం వరకు పూర్తి ధర. ఆపైన ఒక్కో శాతానికి ఒక శాతం కోత, 12 శాతం దాకా. 12 దగ్గర పొడవు పింజకు 7,785.60 వస్తుంది. ఇక్కడ ఒక లెక్క గమనించండి. 12 నుంచి 8కి ఎండబెడితే బరువు కూడా దాదాపు 4 శాతం తగ్గుతుంది కనుక పది క్వింటాళ్ల మీద చేతికొచ్చే మొత్తం అటూ ఇటూగా అంతే. నష్టమంతా 12 దాటినప్పుడే: అక్కడ సీసీఐ కొనదు, బండి మీదున్న సరుకును వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చేయాలి. కాబట్టి మంచు ఆరాక ఏరండి, గుడ్డి పత్తి, ఆకు కలవకుండా చూడండి, బండి కట్టే ముందు ఏఈఓ దగ్గరో మార్కెట్‌లోనో తేమ కొలిపించండి. పట్టాల మీద రెండు రోజులు ఆరితే 14 శాతం పత్తి కూడా 12 లోపుకు దిగుతుంది.

యార్డులో అమ్మితే కాంటా అయిన వెంటనే తక్‌పట్టీ తీసుకోండి. బరువు, ధర, హమాలీ, దడ్వాయి కోతలు విడివిడిగా ఉండాలి. కాగితం లేకుండా బయటే అమ్మే జీరో దందాలో నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినట్టు కనిపించినా కాంటాలో పోతుంది. డబ్బు ఎగ్గొడితే అడగడానికి ఆధారం కూడా ఉండదు.

సీసీఐకి ఇప్పుడు కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా పేరు నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవాలి. ఏఈఓ దగ్గర పంట నమోదు పత్తిగానే, సరైన ఎకరాలతో ఉందో లేదో చూసుకోండి. తప్పుంటే అమ్మకం రోజున సరిదిద్దడం కుదరదు. కౌలు రైతులకు చిక్కంతా ఇక్కడే: పాసుపుస్తకం యజమాని పేరున ఉంటుంది, డబ్బు అతని ఖాతాలో పడుతుంది. ఆ డబ్బు ఎన్ని రోజుల్లో మీకు ఇవ్వాలో విత్తకముందే కౌలు కాగితంలో రాయించుకోండి.