బొమ్మ ఉన్నది, పలుకు లేదు

ఇంటిలో తీసికొన్న వీడియోను కంప్యూటరులో కూర్చి, డిస్కుపై ఎక్కించి, టెలివిజనుకు తగిలించిన ప్లేయరులో పెట్టినప్పుడు బొమ్మ చక్కగా కనబడి, మాట మాత్రము వినబడకపోవుట 2000 తరువాతి దశాబ్దములో అనేక గృహములలో ఎదురైన చిక్కు. అదే చిత్రము కంప్యూటరులో ఉన్నంతవరకు నిక్షేపముగా పలికినది. డిస్కుపైకి పోగానే మూగవోయినది. పెండ్లి వీడియోలో వాద్యగాండ్రు డోలు వాయించుచునే ఉందురు, చప్పుడు లేదు. అన్నప్రాశన నాడు తాతగారు మనుమనితో ఏదో అనుచుందురు, ఆ మాట లేదు. స్పీకరు పాడైనదని కొందరు, డిస్కు నాసిరకమని కొందరు అనుకొనుట సహజము. కాని ఇట్టి మౌనములలో చాలావరకు ఏ పరికరము చెడుటవలనను వచ్చినవి కావు. బొమ్మయు ధ్వనియు పుట్టుకలోనే వేరు. వానిని ఒకచోట కట్టి ఉంచుట మానవుడు కల్పించుకొన్న ఏర్పాటు. ఆ ఏర్పాటు ఎక్కడెక్కడ సడలగలదో దాని చరిత్రయే చెప్పును.

ఎడిసన్ ఫోనోగ్రాఫును 1877 లో నిర్మించెను. కదలు బొమ్మల యంత్రము అటుపిమ్మట పది పదునైదేండ్లకు గాని రాలేదు. ఈ రెంటిని జతపరచి 1913 లో ఆయన సంస్థ కైనెటోఫోను అను పేర ప్రదర్శనలు ఇచ్చినది. తెర దగ్గర ఫోనోగ్రాఫు, హాలుకు ఆవలి కొసన ప్రొజెక్టరు, రెంటిని కలుపుచు కప్పీల మీదుగా పొడవైన త్రాడు! త్రాడు కొంచెము జారినను మాట ఒకచోట, పెదవి ఒకచోట అయిపోయెడిది. ఆ ప్రయత్నము నిలువలేదు.

1926 ఆగస్టు 6 న న్యూయార్కులో 'డాన్ హువాన్' అను చిత్రముతో వైటాఫోను పద్ధతి ప్రజల ముందుకు వచ్చినది. ఇందులో ధ్వని పదునారంగుళముల వ్యాసము గల గ్రామఫోను రికార్డుపై ఉండెను. ఆ రికార్డు నిమిషమునకు 33⅓ సార్లు తిరుగుచు ఒక రీలుకు సరిపడునట్లు దాదాపు 11 నిమిషములు మ్రోగెడిది. ప్రొజెక్టరును, రికార్డును త్రిప్పునది ఒకే మోటారు. అయినను ఫిల్ము ఎక్కడైన తెగినచో చిక్కే. చెడిన ముక్కను తీసివైచి అతికినయెడల బొమ్మ పొట్టిదగును, రికార్డు మాత్రము తన పొడవున తాను మ్రోగుచుండును. అందుచేత పోయిన ఫ్రేములకు బదులు అన్ని నల్లని ఫ్రేములు అతుకవలసి వచ్చెను. ఒక రీలుకు మరియొక రీలు రికార్డు పెట్టిన ఆపరేటరు గతి వేరుగ చెప్పనక్కరలేదు. ఈ బాధలవలననే కొద్ది సంవత్సరములలో ధ్వనిని ఫిల్ము అంచుననే కాంతిరేఖగా ముద్రించు పద్ధతి గెలిచినది. 1931 మార్చి 14 న విడుదలయిన 'ఆలం ఆరా', 1932 ఫిబ్రవరి 6 న విడుదలయిన హెచ్.ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' ఈ మార్పు జరుగుచున్న కాలమునకు చెందినవి.

ఒకే ఫిల్ముపైకి వచ్చినంతమాత్రాన రెండును ఒకటి కాలేదు. బొమ్మను చూపు కిటికీ ఒకచోట, ధ్వనిని చదువు దీపము మరియొకచోట ఉండుటచే, ధ్వనిని తన బొమ్మకు సుమారు ఇరువది ఫ్రేములు ముందుగా ముద్రించుచుండిరి. 1993 లో 'జురాసిక్ పార్కు' చిత్రముతో డి.టి.ఎస్. అను పద్ధతి వచ్చినప్పుడు ధ్వని మరల ఫిల్మును వీడి డిస్కులోనికి పోయినది. ఫిల్ముపై కాలమును తెలుపు గుర్తులు మాత్రము మిగిలినవి. డిస్కు మొండికెత్తినచో ఫిల్ముపై ఉన్న పాత ధ్వనిరేఖ అందుకొనునట్లు ఏర్పాటు చేసిరి. వైటాఫోను పాఠము వారు మరువలేదు.

ఇంటి వీడియో క్యాసెట్టు కాలములో ఈ సంగతులు ఎవరికిని పట్టలేదు. ఒక క్యాసెట్టు నుండి మరియొక దానిలోనికి నకలు తీయునప్పుడు పసుపు రంగు తీగ బొమ్మను, ఎరుపు తెలుపు తీగలు ధ్వనిని మోసెడివి. ధ్వని రాకున్న తీగను చూచి బిగించిన సరిపోయెడిది. కంప్యూటరు వచ్చిన తరువాత తీగ కంటికి కనబడకుండ పోయినది. తీగ పోయినదే గాని, అది చేయు పని పోలేదు.

కంప్యూటరులో ధ్వని అంకెల వరుస. గాలిలోని ఒత్తిడిని సెకనుకు ఇన్నిసార్లని కొలిచి వ్రాసిన పట్టిక అది. సెకనుకు ఎన్నిసార్లు? ఇక్కడనే రెండు వంశములు ఏర్పడినవి. 1970 ల చివర అంకెల ధ్వనిని దాచుటకు తగిన సాధనము వీడియో టేపు ఒక్కటే. ఒక్కొక్క గీతకు మూడేసి కొలతలు పట్టును. అమెరికా పద్ధతిలో సెకనుకు 60 క్షేత్రములు, ఒక్కొక్క దానిలో వాడుకొనదగిన గీతలు 245. 60 ని 245 తోను, 3 తోను గుణించిన 44,100. ఐరోపా పద్ధతిలో 50 క్షేత్రములు, 294 గీతలు. అదియు 44,100 యే! రెండు ఖండముల టేపులకును కుదిరిన ఈ సంఖ్యనే 1982 లో ఫిలిప్స్, సోనీ సంస్థల కాంపాక్ట్ డిస్కు స్వీకరించినది. బొమ్మతో పాటు నడువవలసిన ధ్వనికి మాత్రము వృత్తిలోనివారు 48,000 ను ఎన్నుకొనిరి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, మన టెలివిజనుకు 25. 48,000 ను 24 తో భాగించిన 2,000, 25 తో భాగించిన 1,920. 44,100 ను 24 తో భాగించినచో 1,837 న్నర వచ్చును. అర కొలతను ఏ ఫ్రేములో పెట్టవలెను?

1993 లో వచ్చిన వీడియో సి.డి. తన సంగీత బంధువు వలెనే 44,100 నే ఉంచుకొన్నది. ధ్వనిని ఎంపెగ్ రెండవ అంతస్తు అను పద్ధతిలో కుదించినది. ఆ తరువాత డి.వి.డి. కొరకు సోనీ-ఫిలిప్స్ ఒక ప్రక్క, తోషిబా వర్గము వేరొక ప్రక్క పోటీపడి, 1995 లో రాజీకి వచ్చి, 1996 నవంబరులో జపానులో మొదటి ప్లేయర్లను అమ్మిరి. డి.వి.డి. వీడియో 44,100 ను అంగీకరించదు. 48,000 గాని, దాని రెట్టింపు 96,000 గాని కావలెను. పాత వీడియో సి.డి. నుండియో పాటల సి.డి. నుండియో తెచ్చిన ధ్వనిని కొలతలు మార్చకయే డిస్కులో చేర్చిన ప్రోగ్రాములు ఉండెను. ఫలితముగా కొన్ని ప్లేయర్లు మౌనము వహించెడివి, కొన్ని పలికెడివి. ఒక ఇంట పలికినది వేరొక ఇంట పలుకకపోవుటకు ఇది ఒక కారణము.

కొలతల సంఖ్యకంటె కుదింపు పద్ధతి తగవు పెద్దది. డి.వి.డి. లో ధ్వనిని మూడు విధముల ఉంచుట వాడుకలోనికి వచ్చినది: ఏ కుదింపును లేని పి.సి.ఎం., డాల్బీ వారి ఏ.సి.-3, మరియు ఎంపెగ్. 525 గీతల పద్ధతి గల అమెరికా, జపాను దేశముల డిస్కులలో పి.సి.ఎం. గాని ఏ.సి.-3 గాని తప్పక ఉండవలెనని, 625 గీతల పద్ధతి గల దేశములలో పి.సి.ఎం. గాని ఎంపెగ్ గాని ఉండవలెనని మొదట విధించిరి. ఇండియా 625 గీతల దేశము. అయితే బహుముఖ ఎంపెగ్ ధ్వనిని తయారుచేయు సాధనములు సకాలమున రాలేదు. 1997 డిసెంబరులో నియమమును సడలించి, 625 గీతల డిస్కులలో సహితము ఏ.సి.-3 ఒక్కటే ఉన్నను చాలుననిరి. ఎంపెగ్‌కు ఇది ఓటమియే. అయినను 625 గీతల ప్లేయర్లు ఎంపెగ్‌ను చదువుట మానలేదు. 525 గీతల ప్లేయర్లకు దానిని చదువవలెనను నిర్బంధము ఎన్నడును లేదు. కనుక గుంటూరులోనో వరంగల్లులోనో తయారైన పెండ్లి డిస్కును అమెరికాలోని కూతురికి పంపువారు బొమ్మను అక్కడి పద్ధతికి మార్పించి, ధ్వనిని ఎంపెగ్‌లోనే విడిచినచో, ఇక్కడ నిండుగా వినబడిన మంత్రములు అక్కడ వినబడకపోవుటకు అవకాశము కలదు. డిస్కులో లోపము లేదు, ప్లేయరులో లోపము లేదు. ఒడంబడికలోనే ఆ సందు ఉన్నది.

ఏ.సి.-3 కి మరియొక చిక్కు, రుసుము. దానిపై హక్కులు డాల్బీ సంస్థవి. చివరి హక్కులు 2017 లో తీరిపోయినవి. అంతకు ముందు చౌక ప్రోగ్రాములు పలుమార్లు ఏ.సి.-3 లేకయే వచ్చెడివి. ఏ.సి.-3 ధ్వని గల ఫైలును అట్టి ప్రోగ్రాములోనికి తెచ్చినచో అది బొమ్మను తీసికొని, తనకు తెలియని ధ్వనిని నోరెత్తకుండ విడిచిపెట్టెడిది. ఒక హెచ్చరిక మాట చెప్పియుండినచో ఎన్నో డిస్కులు మిగిలెడివి.

క్యామెరా వైపు నుండి వచ్చు చిక్కు ఇంతకంటె సూక్ష్మము. 1995 లో వచ్చిన డి.వి. టేపు క్యామెరాలు ధ్వనిని రెండు రీతుల పట్టెడివి: సెకనుకు 48,000 కొలతలతో రెండు మార్గములు, లేదా 32,000 కొలతలతో నాలుగు మార్గములు. రెండవ రీతిలో రెండు మార్గములు తరువాత వ్యాఖ్యానము చేర్చుకొనుటకై ఖాళీగా ఉండును. ఈ ఖాళీ మార్గములను ఎన్నుకొని నకలు తీసినయెడల దొరకునది మౌనమే. ఇక టేపును కంప్యూటరులోనికి ఎక్కించునప్పుడు రెండు రకముల ఏ.వి.ఐ. ఫైళ్లు ఏర్పడుట కలదు. మొదటి రకములో క్యామెరా పంపిన ప్రవాహము ఉన్నదున్నట్లు ఒకే పాయగా నిలుచును; ధ్వని ఆ పాయ లోపలనే ఇమిడియుండును. రెండవ రకములో ధ్వనికి విడిగా ఇంకొక పాయ కూడ కట్టుదురు. 1992 నాటి ఏ.వి.ఐ. ఏర్పాటునకు అలవాటుపడిన ప్రోగ్రాములు ధ్వని కొరకు రెండవ పాయనే వెదకును. మొదటి రకము ఫైలును ఇచ్చినచో అవి బొమ్మను తీసికొని 'ధ్వని లేదు' అని నిర్ణయించును. నారికేళము పైపీచు చూచి లోపల నీరు లేదనినట్లు.

తరువాతి కాలపు ఫోనులలో ధ్వని ప్రధానముగ ఏ.ఏ.సి. రూపమున ఉండును. ఈ పద్ధతి 1997 లో ప్రమాణముగ వెలువడినది, అనగా డి.వి.డి. ప్లేయర్లు అమ్మకమునకు వచ్చిన తరువాత. డి.వి.డి. వీడియో నియమములలో దానికి చోటులేదు. ఫోను వీడియోను డిస్కుకు పంపువారు ధ్వనిని తప్పక ఏ.సి.-3 లోనికో పి.సి.ఎం. లోనికో మార్చవలెను.

మూగ డిస్కును కంప్యూటరులో తెరచి చూచువారు మరియొక భ్రమలో పడుదురు. డిస్కుపై వీడియో_టీఎస్, ఆడియో_టీఎస్ అను రెండు సంచులు కనబడును, రెండవది ఖాళీ. ధ్వని అంతయు ఇక్కడనే పోయినదని ఎవరైనను అనుకొందురు. ఆ సంచి 2000 లో వెలువడిన డి.వి.డి. ఆడియో అను సంగీతపు డిస్కుల కొరకు ఉద్దేశింపబడినది. వీడియో డిస్కులో అది ఖాళీగా ఉండుటయే క్రమము; ధ్వని బొమ్మతో పాటు మొదటి సంచిలోనే అల్లుకొని ఉండును.

కనుక వెదకవలసినది ధ్వని ఏ మజిలీలో ఆగినదో. మొదట ప్లేయరునే అనుమానింపవచ్చును, ఏలనగా అది ఖర్చులేని పరీక్ష. ఒక డిస్కులో ఎనిమిది ధ్వని పాయల వరకు ఉండవచ్చును గనుక, రిమోటుపై ఆడియో మీటను నొక్కి చూడవలెను. ప్లేయరు అంకెల ధ్వనిని విప్పకుండ బయటికి పంపునట్లు అమర్చబడి, దానికి తగిలించిన యంత్రము ఆ భాష ఎరుగనిదైనచో, ఏ.సి.-3 డిస్కులన్నియు మూగవిగనే తోచును. కొని తెచ్చిన సినిమా డిస్కు కూడ పలుకకున్న లోపము అక్కడనే. అది పలికి ఇంటి డిస్కు పలుకకున్నయెడల వెనుకకు నడువవలెను: డిస్కుకు ఎక్కించుటకు ముందు తయారైన ఫైలులో ధ్వని ఉన్నదా? అందులో లేకున్న, కూర్పు ప్రోగ్రాములోనికి తెచ్చినప్పుడు ధ్వని గీత కనబడినదా? అక్కడను లేనిచో, మూలపు ఫైలు ఏ పద్ధతిది?

చాల సందర్భములలో పనికివచ్చిన ఉపాయము పాత సినిమావారిదే. ధ్వనిని మూలము నుండి విడదీసి, సెకనుకు 48,000 కొలతలు, ఒక్కొక్కటి 16 బిట్లు గల పి.సి.ఎం. ఫైలుగా వేరుచేసి, మరల బొమ్మ ప్రక్కన పెట్టవలెను. ఇది రెండు మార్గములకు సెకనుకు 15,36,000 బిట్లు తినును, ఏ.సి.-3 కి 1,92,000 బిట్లతో సరిపుచ్చవచ్చును. 4.7 జి.బి. డిస్కుపై ఆ మేరకు బొమ్మకు చోటు తగ్గును. గంట నిడివి గల ఇంటి వీడియోకు ఆ నష్టము గమనింపదగినది కాదు. పి.సి.ఎం. ను చదువలేని డి.వి.డి. ప్లేయరు లేదు. ముందుగ చెరిపి వ్రాయదగిన డిస్కుపై ఐదు నిమిషముల ముక్కను ఎక్కించి, కంప్యూటరుపై గాక టెలివిజను వద్దనే విని చూచుట మేలు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది తొందర. డిస్కు తయారైనదని టేపును చెరిపి మరల వాడుకొన్నవారు, చోటు చాలదని కంప్యూటరులోని మూలమును తుడిచినవారు కలరు. మొదటి రకము ఏ.వి.ఐ. లో దాగిన ధ్వనిని ఎన్నేండ్లకైనను వెలికి తీయవచ్చును. కుదింపు పద్ధతి తెలియక విడువబడిన ధ్వని మూలములో భద్రముగ ఉండును. మూలము పోయి మూగ డిస్కు మాత్రమే మిగిలినచో, తాతగారి పెదవుల కదలికను చూచి ఆ మాట ఏదో ఊహించుకొనవలసినదే. అప్పటి డి.వి. టేపులను చదువు క్యామెరాలు ఇప్పుడు తయారగుటలేదు; పనిచేయునది ఒకటి ఇంటిలోనో, బంధువులయొద్దనో ఉన్నయెడల, అటకపై నున్న టేపులను అది పనిచేయుచుండగనే కంప్యూటరులోనికి ఎక్కించి, రెండు చోట్ల దాచి, మొదటి పది నిమిషములు చెవియొగ్గి వినవలెను.