షికాగోనా, న్యూయార్కా? రాబరీ లెక్కల వెనక ఉన్న తవారీఖ్

1935 నాటి అమెరికా పోలీసు లెక్కల్లో ఒక విచిత్రం ఉంది. అప్పటికి న్యూయార్క్ ఆబాదీ 70 లక్షల పైమాటే. షికాగోలో ఉన్నది దాంట్లో సగం కంటే తక్కువ మంది. అయినా ఆ ఏడాది షికాగో పోలీసులు తమ దగ్గర జరిగాయని చెప్పిన రాబరీలు, న్యూయార్క్ చెప్పిన వాటికి సుమారు 8 రెట్లు! ఈ అంకెలు చూస్తే షికాగో దొంగల అడ్డా, న్యూయార్క్ అమన్ ఉన్న షహర్ అనిపిస్తుంది. అల్ కపోన్ పేరు ఇంకా జనం నోళ్ళలో నానుతున్న రోజులు కాబట్టి, ఆ అంకెల మీద ఎవరికైనా షక్ రావడం కూడా కష్టమే.

ఇన్నేళ్ళ కిందటి ముచ్చట మనకెందుకు అంటారా? హైదరాబాద్ నుంచి, వరంగల్ నుంచి, గుంటూరు నుంచి, కర్నూలు నుంచి మన పిల్లలు ఎమ్మెస్ చదవడానికి అమెరికా పోతున్నారు. షికాగో డెవాన్ అవెన్యూలో హైదరాబాదీ బిర్యానీ దొరికేంతగా మనవాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. అడ్మిషన్ లెటర్ రాగానే అబ్బా ఫీజు చూస్తారు. అమ్మీ మాత్రం ఫోన్‌లో ‘అమెరికాలో అత్యంత ప్రమాదకరమైన నగరాలు’ అనే లిస్టు వెతుకుతుంది. ఆ తర్వాత నాకు ఫోన్ వస్తుంది. “భాయ్, మీరు అఖ్బార్‌లో పనిచేస్తారు కదా, సెయింట్ లూయిస్‌కి పంపొచ్చా? మెంఫిస్ అంటే వద్దంటున్నారు, నిజమేనా?” అని. ఈ సవాల్‌కి సగం సగం జవాబు చెప్పడం ఇష్టం లేక, ఆ లిస్టులు ఎలా తయారవుతాయో వాటి తవారీఖ్ చదివాను.

ముందు రాబరీ అంటే ఏమిటో చూద్దాం. మన ఫిఖ్‌హ్‌లో సరిఖా వేరు, హిరాబా వేరు. ఎవరూ చూడకుండా ఎత్తుకుపోవడం సరిఖా. దారి కాచి, భయపెట్టి, బలవంతంగా గుంజుకోవడం హిరాబా. మన ఉలమా దీన్నే ఖత్ఉత్తరీఖ్ అని కూడా అన్నారు. అమెరికా పోలీసుల హిసాబ్‌లో కూడా ఇలాంటి ఫర్క్ ఉంది. మనిషి ఎదుటే బలం చూపించి, లేదా భయపెట్టి సొమ్ము తీసుకుంటే, తీసుకోబోయినా సరే, అది రాబరీ. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తాళం పగలగొట్టి దూరితే బర్గలరీ. టేబుల్ మీద పెట్టిన ఫోన్ మాయమైతే లార్సెనీ. మన పిల్లలు “ఇల్లు దోచేశారు, రాబరీ అయింది” అని ఫోన్ చేస్తే, అది ఆ హిసాబ్‌లో రాబరీ కాకపోవచ్చు.

ఈ ఖానాలన్నీ ఒక్క తీరుగా ఉండాలని పోలీసు ఉన్నతాధికారుల సంఘం ఒకటి 1927లో కమిటీ వేసింది. అంతకుముందు ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం, ఒక్కో షహర్‌ది ఒక్కో రిజిస్టరు. 1930లో ఈ పని తర్వాతి కాలంలో ఎఫ్‌బీఐగా మారిన సంస్థ చేతికి వచ్చింది. దాని సర్దార్ జె. ఎడ్గర్ హూవర్. మొదట్లో 43 రాష్ట్రాల నుంచి 400 నగరాలు, సుమారు 2 కోట్ల మంది ఆబాదీకి సంబంధించిన లెక్కలు పంపాయి. దేశం మొత్తానికీ ఫారం ఒకటే అయింది. కానీ దాన్ని నింపే కలం ఆ ఊరి థానాలోనే ఉంది. పంపడం కూడా వాళ్ళ మర్జీ.

ఇప్పుడు న్యూయార్క్ దగ్గరికి వద్దాం. అక్కడ ఫిర్యాదు తీసుకునేది ఆ ఇలాఖా థానాయే, రాసేదీ అదే. రాబరీలు పెరిగితే ఆ థానా అధికారికి చెడ్డపేరు. ఫిర్యాదు రాయకపోతే మాత్రం అడిగేవాడు లేడు. ఆ లెక్కల మీద నమ్మకం పోయి, 1949లో ఎఫ్‌బీఐ న్యూయార్క్ అంకెలు అచ్చు వేయడమే మానేసింది. 1950లో న్యూయార్క్ తన రివాజు మార్చింది. ఫిర్యాదులన్నీ థానాకి కాకుండా ముందు ఒకే కేంద్రానికి వెళ్ళాలని హుకుం వచ్చింది. మొదటి ఏడాదిలోనే రాబరీలు 400 శాతం పెరిగాయి, అంటే 5 రెట్లయ్యాయి. బర్గలరీలు 1,300 శాతం పెరిగి 14 రెట్లయ్యాయి. రెండింటిలోనూ న్యూయార్క్ షికాగోని దాటిపోయింది. ఒక్క ఏడాదిలో షహర్‌లో దొంగలు 5 రెట్లయ్యారని నమ్మడానికి లేదు. మారింది రిజిస్టరు.

కిస్సా అక్కడితో ఆగలేదు. 1959లో షికాగో కూడా అలాంటి కేంద్రమే పెట్టుకుంది. ఆ వెంటనే షికాగో రాబరీలు మళ్ళీ న్యూయార్క్ కంటే కొన్ని రెట్లు ఎక్కువగా కనిపించాయి. కొందరు పోలీసులే దొంగతో చేతులు కలిపిన సమ్మర్‌డేల్ కుంభకోణం బయటపడి, 1960లో ఓ.డబ్ల్యూ. విల్సన్ అనే సంస్కర్త షికాగో పోలీసుల పగ్గాలు పట్టిన కాలం కూడా అదే. 1966లో న్యూయార్క్ మరోసారి రిజిస్టరు బిగించింది. ఈసారి షికాగో కంటే సుమారు 25 శాతం ఎక్కువ రాబరీలు తేలాయి. ఈ ఆటంతా ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ వేసిన నేర కమిషన్ 1967 రిపోర్టులో ఉంది. 30 ఏళ్ళలో ‘ఏ షహర్ ఎక్కువ ఖతర్‌నాక్?’ అన్న సవాల్‌కి జవాబు మూడుసార్లు మారింది. ప్రతిసారీ హోషియార్‌గా, ఇన్సాఫ్‌గా లెక్క రాయడం మొదలుపెట్టిన షహరే బద్‌నామ్ అయింది.

సరే, రిజిస్టరు సక్రమంగానే ఉందనుకుందాం. తర్వాత భాగహారం వస్తుంది. అమెరికాలో కూడా రేటుని లక్ష మందికి ఇన్ని అని చెప్తారు. ఏ లక్ష మంది? దానికి షహర్ సరిహద్దు చూడాలి. సెయింట్ లూయిస్ 1876లో తన చుట్టూ ఉన్న కౌంటీ నుంచి విడిపోయింది. ఆనాటి గీతే ఈరోజుకీ సరిహద్దు. 1950లో ఆ షహర్‌లో 8,56,796 మంది ఉండేవారు. 2020 నాటికి మిగిలింది 3,01,578 మంది. ఉన్నవాళ్ళు, ముఖ్యంగా తెల్లవాళ్ళు, గీత దాటి శివార్లకు పోయారు. ఇప్పుడు ఆ మొత్తం మెట్రో ప్రాంతంలో 28 లక్షల దాకా జనం ఉన్నా, రేటు కట్టేది గీత లోపలి 3 లక్షల మంది మీదే. బాల్టిమోర్ కూడా ఇలాగే 1851లో కౌంటీ నుంచి విడిపోయింది. ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ దీనికి ఉల్టా. 1968లో అది తన కౌంటీతో కలిసిపోయింది. షహర్ నడిబొడ్డూ, చెట్ల మధ్య పెద్ద పెద్ద ఇళ్ళున్న శివార్లూ ఒకే లెక్కలో పడతాయి.

ఉదాహరణకి కాగితం మీద ఒక హిసాబ్ చేద్దాం. 3 లక్షల మంది ఉన్న షహర్‌లో 1,500 రాబరీలు జరిగితే రేటు లక్షకు 500. చుట్టూ ఉన్న 10 లక్షల మందిని, వాళ్ళ 500 రాబరీలనీ కలిపితే, 13 లక్షల మందికి 2,000. రేటు 154కి దిగిపోతుంది. ఒక్క గల్లీలో కూడా ఒక్క దొంగ తగ్గలేదు. మ్యాపు మీద గీత జరిగిందంతే.

పైగా షహర్‌కి పగలు పనికి వచ్చేవాళ్ళు, చూడటానికి వచ్చేవాళ్ళు ఆబాదీలో ఉండరు. లాస్ వేగస్‌కి 2019లో 4 కోట్లకు పైగా ముసాఫిర్లు వచ్చారు. వాళ్ళని ఎవరైనా దోచుకుంటే ఆ రాబరీ లెక్కలోకి వస్తుంది గానీ, వాళ్ళు మాత్రం ఆ ‘లక్ష మంది’లోకి రారు.

ఇంకొకటి, పోలీసుల దాకా పోని జుర్మ్‌లు. అమెరికా ప్రభుత్వం 1970ల మొదటినుంచీ ఇంటింటికీ వెళ్ళి “మీకు ఏదైనా జరిగిందా, పోలీసులకు చెప్పారా?” అని అడిగే సర్వే చేస్తోంది. దాని ప్రకారం పోలీసులకు చెప్పే రాబరీలు ఏడాదిని బట్టి సగానికి అటూ ఇటూగా ఉంటాయి. కాగితాలు సరిగ్గా లేని వలస కూలీ, పోలీసులంటే భయపడే నల్లజాతి కుర్రాడు, “వీసాకి ఏమవుతుందో” అని నోరు మెదపని మన స్టూడెంట్, వీళ్ళ నష్టం ఏ ఖానాలో పడుతుంది?

2021లో ఎఫ్‌బీఐ పాత ఫారం పూర్తిగా వదిలి కొత్త పద్ధతికి మారింది. న్యూయార్క్, లాస్ ఏంజిలిస్ పోలీసులు ఆ ఏడాది కొత్త పద్ధతిలో లెక్కలు పంపలేకపోయారు. అంత పెద్ద షహర్లు రెండూ లేకుండానే ఆ ఏడాది పట్టిక వచ్చింది.

అలాగని అంకెలన్నీ ఝూట్ అని కొట్టిపారేయడం కూడా ఇన్సాఫ్ కాదు. 1990లో న్యూయార్క్ పోలీసులు లక్షకు పైగా రాబరీలు దర్జ్ చేశారు. 2018లో అవి 13 వేల లోపు. ఈ మధ్యలో ఆబాదీ పెరిగింది కూడా. కొందరు అధికారులు కేసుల్ని చిన్నవి చేసి రాశారన్న ఇల్జామ్ వచ్చి, 2011లో కమిషనర్ రేమండ్ కెల్లీ మాజీ ప్రాసిక్యూటర్లతో కమిటీ వేయాల్సి వచ్చింది. తప్పులు ఉన్నాయని 2013లో వచ్చిన రిపోర్టు కూడా చెప్పింది. అయినా ఫ్రాంక్లిన్ జిమ్రింగ్ అనే ప్రొఫెసర్ పోలీసులతో సంబంధం లేని గవాహీ వెతికారు. హత్యల లెక్కని ఆరోగ్య శాఖ మరణాల రికార్డుతో, కార్ల దొంగతనాల లెక్కని ఇన్సూరెన్స్ క్లెయిములతో పోల్చి చూశారు. జుర్మ్‌లు నిజంగానే తగ్గాయని తేలింది. ఒకే షహర్‌ని చాలా ఏళ్ళ మీద, బయటి గవాహీతో కలిపి చూస్తే అంకె పనికొస్తుంది. రెండు వేరు వేరు షహర్లని ఒకే ఏడాది అంకెతో పక్కపక్కన నిలబెట్టి పెద్ద, చిన్న అంటేనే మోసపోతాం.

ఈ మాట నా సొంతం కాదు. ఈ లెక్కలతో నగరాలకు ర్యాంకులు కట్టొద్దని ఎఫ్‌బీఐ తానే హెచ్చరిస్తూ వచ్చింది. 2007లో అమెరికా క్రిమినాలజీ పండితుల సంఘం కార్యవర్గం, ఈ లెక్కల లోపాలను పట్టించుకోకుండా నగరాలను ‘ప్రమాదకరం’, ‘సురక్షితం’ అని విభజించడాన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది. అయినా లిస్టులు ఆగలేదు. జనం చదువుతారు కాబట్టి వేస్తారు. అఖ్బార్‌లో పనిచేసేవాణ్ణి, ఆ లాలచ్ ఏమిటో నాకు తెలుసు.

లిస్టులో పైన ఉండే పేర్లు చూడండి. డెట్రాయిట్, బాల్టిమోర్, మెంఫిస్, సెయింట్ లూయిస్. అన్నీ నల్లజాతి వాళ్ళు పెద్ద సంఖ్యలో బతికే షహర్లు. అక్కడ దోపిడీలు జరగవని నేననను. ఆ దెబ్బ ముందు తగిలేది కూడా ఆ మొహల్లాల గరీబులకే. కానీ అంకె చదివినవాడి చూపు సరిహద్దు గీత మీదికో, మూతపడ్డ కార్ఖానాల మీదికో పోదు, మనిషి చర్మం మీదికి పోతుంది. ఖలీల్ జిబ్రాన్ ముహమ్మద్ అనే చరిత్రకారుడు ఈ రోగం ఎంత పాతదో చూపించారు. ఆయన ‘నేషన్ ఆఫ్ ఇస్లామ్’ నాయకుడు ఎలైజా ముహమ్మద్ ముని మనవడు. 1890 జనగణనలో నల్లవాళ్ళు జనాభాలో 12 శాతం, ఖైదీల్లో 30 శాతం. వాళ్ళని ఎవరు పట్టుకున్నారు, ఏ అదాలత్ శిక్ష వేసింది అని అడగకుండా, ఆ అంకెనే వాళ్ళ స్వభావానికి సబూత్‌గా వాడుకున్నారు. 1896లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ గణకుడు ఫ్రెడరిక్ హాఫ్‌మన్ దాని మీద ఏకంగా కితాబే రాశాడు.

ఇది మనకి కొత్తగా చెప్పాల్సిన సంగతా? ఓల్డ్ సిటీ అడ్రసు చెప్పగానే ఇల్లు అద్దెకి ఇచ్చేవాడి మొహం ఎలా మారుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం సంగతీ తెలుసు. 1913లో ఎరుకల కుటుంబాలను అక్కడ కట్టడి చేసి పెట్టారు. వాళ్ళని పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన చట్టం 1952లో రద్దయింది. ఊరి మీద వేసిన ముద్ర మాత్రం సినిమాల దాకా వచ్చింది. మన మీద అలాంటి ముద్ర పడితే నొచ్చుకునే మనం, డెట్రాయిట్ పేరు చూసి “అదంతా వాళ్ళ బస్తీ” అని ముఖం తిప్పుకోవడం ఎంతవరకు సబబు? ఖబర్ వస్తే తహఖీఖ్ చేయండి, తెలియక ఒక ఖౌమ్‌కి నష్టం చేయకండి అని సూరా హుజురాత్‌లో మనకి హుకుం ఉంది. అంకె కూడా ఒక ఖబరే.

కాబట్టి ఫోన్ చేసే వాలిదైన్‌కి నేను చెప్పేది ఇది. షహర్ ర్యాంకు పక్కన పెట్టండి. యూనివర్సిటీ చుట్టుపక్కల గల్లీల సంగతి కనుక్కోండి. లైబ్రరీ నుంచి, పార్ట్ టైమ్ పని నుంచి రాత్రి ఏ దారిన రావాలి, బస్సు ఎన్నింటి దాకా ఉంటుంది, ఇప్పటికే అక్కడున్న మన పిల్లలు ఏ ఇలాఖాలో గది తీసుకుంటున్నారు అని అడగండి. చాలా యూనివర్సిటీలు తమ క్యాంపస్ నేరాల లెక్కని ప్రతి ఏడాదీ బయట పెట్టాలని 1990 నుంచి అమెరికాలో చట్టం ఉంది, అదీ చూడండి. ఖుదా నఖాస్తా ఏదైనా జరిగితే ఫోన్, పర్సు ఇచ్చేయమని, జాన్ కంటే అవి ఎక్కువ కావని చెప్పండి. తర్వాత మాత్రం భయపడకుండా పోలీసులకు రిపోర్టు రాయించమనండి. రాయించకపోతే ఆ రాత్రి ఆ గల్లీలో ఏమీ జరగనట్టే లెక్క. రేపు అదే దారిన వచ్చే ఇంకో బిడ్డ అమ్మీ, ఆ లెక్క చూసే నిశ్చింతగా ఉంటుంది.