వేరు చెప్పిన జింక్ కథ

జంషెడ్‌పూర్ అనగానే మీకు ఉక్కు గుర్తుకొస్తుంది. సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ఆ చోట 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు తయారైంది. ఉక్కుకు శత్రువు తుప్పు. దాన్ని అడ్డుకోవడానికి ఉక్కును కరిగిన జింక్‌లో ముంచి పూత వేస్తారు. ఆ ఊళ్లో తయారయ్యే నీటి గొట్టాల మీద, మీ ఇంటి బకెట్ మీద, పొలంలోని కరెంటు టవర్ మీద మెరిసేది ఆ పూతే. వానలకు అది కొద్దికొద్దిగా కరిగి నేలలోకి దిగుతుంది. మరి అక్కడి మొక్క సంగతేమిటి?

జింక్ విషమని తొందరపడకండి. 1869లో పాశ్చర్ శిష్యుడు జూల్ రోలిన్, జింక్ లేనిదే నల్లబూజు సరిగా పెరగదని చూపాడు. 1926లో కాలిఫోర్నియాలో సోమర్, లిప్‌మన్‌లు పొద్దుతిరుగుడు, బార్లీ మొక్కలకు కూడా అది అవసరమని నిరూపించారు. 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే, వరికి వచ్చే ఖైరా వ్యాధికి కారణం జింక్ లోపమేనని కనుగొన్నారు.

అయితే మోతాదు మించితే? ముందు దెబ్బతినేది వేరు. దాని కొనలో కణాలు విభజన చెందడం, సాగడం మందగిస్తాయి. వేరు పొట్టిగా, లావుగా, గోధుమరంగుగా మారుతుంది. మొక్కకు ఇనుము సరిగా అందక లేత ఆకులు పసుపెక్కుతాయి.

అందుకే శాస్త్రజ్ఞులు వేరునే కొలబద్దగా చేసుకున్నారు. 1957లో బ్రిటన్‌లో విల్కిన్స్, సీసాన్ని మొక్క ఎంత తట్టుకోగలదో వేరు పొడవును బట్టి కొలిచాడు. 1988లో బ్రాడ్‌షా బృందం అక్కడి కరెంటు టవర్ల కింది గడ్డిని పరీక్షించింది. పూత నుంచి కారిన జింక్‌కు తట్టుకునే గడ్డి, కొన్ని దశాబ్దాల్లోనే, వేరువేరు టవర్ల కింద విడివిడిగా పుట్టుకొచ్చింది! పరిణామం ఎంత వేగంగా జరగగలదో చూశారా?

జంషెడ్‌పూర్ ఉన్న ఛోటానాగపూర్ పీఠభూమిలో ఎర్రనేలలు చాలావరకు ఆమ్లగుణం గలవి. అలాంటి నేలల్లో జింక్ సులభంగా కరిగి వేళ్లకు అందుతుంది. సున్నం వేస్తే ఆ జోరు తగ్గుతుంది. కనుక మట్టిని పరీక్షించకుండా జింక్ సల్ఫేట్ చల్లకూడదు. లోపమైనా, అధికమైనా నష్టపోయేది రైతే.

మీరూ చూడవచ్చు. ఉపాధ్యాయుల సమక్షంలో రెండు పళ్లేల్లో తడిదూది మీద పెసలు మొలకెత్తించండి. ఒకదానికి మంచినీరు, మరొకదానికి లీటరు నీటిలో ఒక గ్రాము జింక్ సల్ఫేట్ కలిపిన ద్రావణం పోయండి. ఐదో రోజున స్కేలుతో వేళ్లను కొలవండి. తర్వాత చేతులు కడుక్కోండి. ఆ మొలకలను మాత్రం తినకండి!