గిన్నెకి పట్టిన గార: మా చెన్నై నీళ్ళ కథ

చెన్నైలో స్థిరపడ్డ మనవాళ్ళ ఇళ్ళలో నీళ్ళు రెండు రకాలు. తాగడానికీ వంటకీ మంచినీళ్ళు, మిగతా అన్నిటికీ ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళని పేరే గానీ, గొడవంతా ఉప్పుతోనే కాదు. బోరు నీళ్ళలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చేది ఎక్కువ. పిల్లలు బళ్ళో కఠిన జలం అని చదువుకునేది దీన్నే. గీజరు కాయిల్‌కీ, షవర్ కన్నాలకీ, నీళ్ళు కాచే కాగుకీ పట్టే తెల్లటి పొరని మా ఇంట్లో గార అంటాం, పళ్ళకి పట్టే గార లాగే.

నెల్లూరు వైపు నుంచి వచ్చిన మా పెద్దలు మొదట కాపురం పెట్టింది జార్జిటౌన్‌లో. అక్కడ ఈ బాధ పెద్దగా లేదు. ఆ పేటలోనే 1772లో కోటకి మంచినీళ్ళ కోసం తవ్వించిన ఏడు బావులున్నాయి. సెవెన్ వెల్స్ అనే పేరు ఇప్పటికీ ఆ చోటికి ఉంది. తర్వాత 1872లో రెడ్‌హిల్స్ చెరువు నీళ్ళు ఊళ్ళోకి వచ్చాయి. వాన నీళ్ళు స్వతహాగా మెత్తనివి. భూమిలోకి దిగి రాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నిలిచేకొద్దీ ఖనిజాలు కలుపుకుంటాయి. చెరువులో చేరిన వానకి ఆ పని అంత ఉండదు.

ఊరు దక్షిణానికి పెరిగింది, మేమూ వేళచేరి వైపు మారాం. అప్పట్లో మా వీధికి కొళాయి లేదు. దొడ్లో ఒక బావి, అది చాలనప్పుడు బోరు. బోరు లోతు పెరిగేకొద్దీ గార కూడా మందమైంది. కందిపప్పు ఎంతసేపు ఉడికినా బిరుసుగానే ఉండేది, ఎందుకంటే కాల్షియం పప్పులోని పెక్టిన్‌ని పట్టి గట్టిపరుస్తుంది. సబ్బు నురగ రాదు, జిడ్డు తెట్టు కడుతుంది. కుంకుడుకాయకి ఆ చిక్కు లేదు, ఎలాంటి నీళ్ళలోనైనా నురుగుతుంది. అందుకే మా ఇంట్లో షాంపూలు వచ్చాక కూడా కుంకుళ్ళ డబ్బా ఖాళీ కాలేదు.

ఇక కృష్ణమ్మ కథ. 1983 ఏప్రిల్‌లో ఎన్టీఆర్, ఎంజీఆర్ తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నారు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకోవాలి, దారిలో ఆవిరయ్యేది పోగా 12 టీఎంసీలు చెన్నైకి చేరాలి. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా ఆ నీళ్ళు పూండి చేరింది 1996లో. తర్వాత సత్యసాయి ట్రస్టు కాలువని బాగుచేయించింది. మనవైపు నీళ్ళు మన కొళాయికి వచ్చాయని పెద్దవాళ్ళు మురిసిపోయారు. కానీ పూర్తి 12 టీఎంసీలు ఏటా రాలేదు. 2019 ఎండాకాలంలో ఊరి చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తేవాల్సి వచ్చింది. అంటే, ఎంత దూరపు నది వచ్చినా కాళ్ళకింది నీళ్ళు అక్కర్లేకుండా పోవు.

గార తీయడం కష్టమేం కాదు. చింతపండు పులుసో, నిమ్మరసమో, వెనిగరో పోసి కాసేపు నానబెడితే కరిగిపోతుంది. పాలరాతి నేల మీద మాత్రం పోయకండి, అది కూడా కరుగుతుంది. నీళ్ళు మరగకాచి, తేర్చి వడకడితే కొంత కాఠిన్యం పోతుంది, కొంత పోదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకుంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. ఆ పైన ఉంటే సాఫ్ట్‌నర్ పెట్టుకుంటారు. అది కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది. దాన్ని మళ్ళీ పనికి తేవాలంటే ఉప్పు నీళ్ళతో కడగాలి. ఆ కడిగిన నీళ్ళు ఇంకుడు గుంతలోకి పోతే చివరికి చేరేది మన బోరుకే.

దీన్ని ఇప్పుడు ఎందుకు రాస్తున్నామంటే, వేళచేరి ఇల్లు బిల్డరుకి ఇవ్వాలన్న మాట వచ్చింది. బావి పూడ్చేసి, కార్లకి చోటు చేసి, సాఫ్ట్‌నర్ పెడితే సరిపోతుందంటున్నారు. మేము ఒప్పుకోవడం లేదు. 2003లో ప్రతి ఇంటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి అన్నప్పుడు మేడ మీది నీళ్ళని గొట్టంతో ఆ బావిలోకే మళ్ళించాం. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి బావి నీళ్ళతో పప్పు ఉడకడం మొదలైంది. కాగుకి గార పట్టడం పూర్తిగా ఆగలేదు గానీ, బాగా పలచబడింది.

సాఫ్ట్‌నర్ నీళ్ళని మారుస్తుంది గానీ నేలని మార్చదు. ఫ్లాట్లు కట్టుకోండి, కాదనం. బావిని మాత్రం ఒప్పందం కాగితంలో రాయించి మరీ ఉంచండి. ఐప్పసి వానలు మొదలవకముందే మేడ తుడిచి, వడపోత గులకరాళ్ళు కడిగే పని ఈ ఏడు కుర్రాళ్ళకి అప్పగిస్తున్నాం.