వాల్డార్ఫ్ పద్ధతిలో గృహవిద్య

వాల్డార్ఫ్ పద్ధతిలో గృహవిద్య అనగా పిల్లలను బడికి పంపకుండా, ఆస్ట్రియాకు చెందిన తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ (1861-1925) ప్రతిపాదించిన విద్యావిధానాన్ని అనుసరించి తల్లిదండ్రులే ఇంటివద్ద చదువు చెప్పడం. దీనిని స్టైనర్ విద్య అని కూడా అంటారు. కథ, పాట, చిత్రలేఖనం, చేతిపనుల ద్వారానే అక్షరాలు, లెక్కలు, ప్రకృతి పాఠాలు నేర్పడం ఈ విధానం యొక్క ముఖ్య లక్షణం. ఏడు సంవత్సరాల లోపు పిల్లలకు చదవడం, వ్రాయడం నేర్పరు. ఈ పద్ధతిపై జరిగే వాదోపవాదాలలో ఎక్కువ భాగం ఈ అంశం చుట్టూనే ఉంటాయి.

చరిత్ర

స్టైనర్ ప్రస్తుత క్రొయేషియాలోని క్రాల్యెవెక్ గ్రామంలో జన్మించాడు. మానవుని ఆధ్యాత్మిక వికాసానికి సంబంధించి ఆయన రూపొందించిన సిద్ధాంతాన్ని ఆంత్రోపోసఫీ అంటారు. ఆ దృష్టితో పిల్లల చదువు ఎలా ఉండాలో వివరిస్తూ 1907లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో వాల్డార్ఫ్-ఆస్టోరియా సిగరెట్ కర్మాగారం అధిపతి ఎమిల్ మోల్ట్ తన కార్మికుల పిల్లలకోసం ఒక పాఠశాల స్థాపించమని స్టైనర్‌ను కోరాడు. 1919 సెప్టెంబరు 7న ఆ పాఠశాల ప్రారంభమైనది. విద్యావిధానానికి వాల్డార్ఫ్ అన్న పేరు ఈ కర్మాగారం నుండే వచ్చింది. ఆడపిల్లలు, మగపిల్లలు, ధనికులు, పేదలు ఒకే తరగతిలో కూర్చొని చదవడం ఆ రోజులలో విశేషం. నాజీ ప్రభుత్వం 1938లో ఈ పాఠశాలను మూసివేయించింది. యుద్ధానంతరం అది తిరిగి తెరవబడినది. నేడు ప్రపంచవ్యాప్తంగా వెయ్యికి పైగా వాల్డార్ఫ్ పాఠశాలలు ఉన్నాయి.

ఇంటివద్ద ఈ పద్ధతిని పాటించడం ప్రధానంగా అమెరికాలో వ్యాపించింది. 1975లో స్థాపించబడిన ఓక్ మెడో అనే సంస్థ, వాల్డార్ఫ్ ప్రభావంతో రూపొందించిన పాఠ్యప్రణాళికలను తల్లిదండ్రులకు అందజేసింది. రహిమా బాల్డ్విన్ 1989లో వ్రాసిన పుస్తకం, బిడ్డకు తొలి గురువు తల్లి లేదా తండ్రి అన్న భావాన్ని ప్రచారం చేసింది.

సిద్ధాంతం

స్టైనర్ బాల్య, యౌవనాలను ఏడేసి సంవత్సరాల చొప్పున మూడు దశలుగా విభజించాడు.
* పుట్టుక నుండి 7 సంవత్సరాల వరకు: పిల్లలు పెద్దలను అనుకరించి నేర్చుకుంటారు. పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు రావడాన్ని ఈ దశ ముగింపునకు గుర్తుగా భావిస్తారు.
* 7 నుండి 14 వరకు: ఊహాశక్తి, అనుభూతుల ద్వారా నేర్చుకుంటారు.
* 14 నుండి 21 వరకు: తర్కం, స్వతంత్రమైన ఆలోచన బలపడతాయి.

చిన్నపిల్లల దినచర్య

ఏడేండ్ల లోపు పిల్లలకు ప్రత్యేకించి పాఠాలు ఉండవు. రోజుకు, వారానికి, ఋతువుకు ఒక క్రమం ఏర్పరచడమే తల్లిదండ్రుల ప్రధాన కర్తవ్యం. పిల్లవాడు స్వేచ్ఛగా ఆడుకొనే సమయం, పెద్దల దగ్గర కుదురుగా కూర్చొనే సమయం ఒకదాని తరువాత ఒకటి రావాలి. దీనిని ఉచ్ఛ్వాస నిశ్వాసలతో పోలుస్తారు. వారంలో ఒకరోజు రంగులు వేయడం, ఒకరోజు రొట్టె చేయడం, ఒకరోజు తోటపని వంటి ఏర్పాటు ఉంటుంది. ఊడ్చడం, పిండి కలపడం, బట్టలు మడతపెట్టడం వంటి ఇంటిపనులలో పిల్లలు పాల్గొంటారు. కథను పుస్తకం చూసి చదవకుండా నోటితో చెబుతారు. ఒకే కథను వరుసగా అనేక రోజులు చెబుతారు. ఆటవస్తువులు కొయ్య, గుడ్డ, గవ్వలు వంటి సహజ పదార్థాలతో చేసినవై ఉంటాయి. బొమ్మల ముఖాలు స్పష్టంగా చెక్కకుండా వదలివేస్తారు. మిగిలినది పిల్లవాడు ఊహించుకోవాలని దీని ఉద్దేశం. టెలివిజన్, కంప్యూటర్, మొబైల్ ఫోన్లకు దూరంగా ఉంచుతారు.

ఏడేండ్ల తరువాత

ప్రతి ఉదయం సుమారు రెండు గంటలపాటు ఒకే అంశాన్ని బోధిస్తారు. అదే అంశం మూడు, నాలుగు వారాలు కొనసాగిన తరువాత మరొక అంశం మొదలవుతుంది. పిల్లలు తాము నేర్చినదాన్ని బొమ్మలతో సహా వ్రాసుకొని తమ పాఠ్యపుస్తకాన్ని తామే తయారుచేసుకుంటారు. తడి కాగితంపై నీటిరంగులు వేయడం, సరళరేఖలు, వంపులు గీయడం, రెండు సూదులతో ఊలు అల్లడం, వేణువు వాయించడం మొదటి తరగతిలోనే ఆరంభమవుతాయి. సంకలనం, వ్యవకలనం, గుణకారం, భాగహారం నాలుగింటినీ ఇంచుమించు ఒకేసారి కథల ద్వారా పరిచయం చేస్తారు.

కథావస్తువు తరగతిని బట్టి మారుతుంది. మొదటి తరగతిలో జానపద కథలు, రెండవ తరగతిలో నీతికథలు, మహాత్ముల కథలు, నాలుగవ తరగతిలో ఉత్తర ఐరోపా పురాణగాథలు చెబుతారు. ఐదవ తరగతిలో చెప్పే ప్రాచీన నాగరికతలలో భారతదేశం మొదటిది.

యూరోపియన్ భాషలలో అక్షరాన్ని ఒక బొమ్మ నుండి పుట్టించి చూపుతారు. ఉదాహరణకు పాము బొమ్మ క్రమంగా ఆంగ్ల 'ఎస్' అక్షరంగా మారుతుంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు ఉన్నందున ఈ పద్ధతిని యథాతథంగా అన్వయించడం సాధ్యం కాదు. అయితే గుండ్రని తెలుగు అక్షరాలు వ్రాయడానికి వంపురేఖల అభ్యాసం ఉపయోగపడుతుంది.

బడికి, ఇంటికి తేడాలు

వాల్డార్ఫ్ పాఠశాలలలో ఒకే ఉపాధ్యాయుడు ఎనిమిది సంవత్సరాల వరకు ఒక తరగతి వెంట సాగుతాడు. ఇంటిలో ఆ బాధ్యత తల్లి లేదా తండ్రిది. వారు సంగీతం, చిత్రలేఖనం, అల్లిక ముందుగా తాము నేర్చుకోవలసి ఉంటుంది. యురిథ్మీ అనే లయబద్ధమైన అంగవిన్యాసానికి శిక్షణ పొందిన గురువు, తోటి పిల్లలు అవసరం కనుక ఇంటివద్ద దీనిని చాలావరకు వదలివేస్తారు. వేర్వేరు వయసుల పిల్లలున్న ఇంట్లో ఎవరి తరగతి కథ ఎప్పుడు చెప్పాలన్నది మరొక సమస్య. పాఠశాలలు జరిపే క్రైస్తవ ఋతు పర్వాల స్థానంలో సంక్రాంతి, ఉగాది వంటి స్థానిక పండుగలను తీసుకొనవచ్చును.

చట్టపరమైన స్థితి

ఈ విధానం పుట్టిన జర్మనీలో గృహవిద్యకు సాధారణంగా అనుమతి లేదు. దీనిని సవాలు చేసిన ఒక కుటుంబం అభ్యర్థనను ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 2006లో తోసిపుచ్చింది. అమెరికాలో 1993 నాటికి అన్ని రాష్ట్రాలలోను గృహవిద్య చట్టబద్ధమైనది.

భారతదేశంలో 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు బడి చదువును హక్కుగా ప్రకటించింది. గృహవిద్య గురించి ఈ చట్టంలో స్పష్టమైన నిబంధన లేదు. ఇంటివద్ద చదివినవారు 14 సంవత్సరాలు నిండిన తరువాత జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. హైదరాబాదులో 1997లో ప్రారంభమైన శ్లోక పాఠశాల వాల్డార్ఫ్ పద్ధతిని అనుసరిస్తున్నది.

విమర్శలు

ఏడేండ్ల దశల సిద్ధాంతానికి శాస్త్రీయ ఆధారం లేదని, అది స్టైనర్ ఆధ్యాత్మిక విశ్వాసాల నుండి వచ్చినదని విమర్శకులు అంటారు. జాతుల గురించి స్టైనర్ చేసిన కొన్ని వ్యాఖ్యలు కూడా తీవ్ర విమర్శలకు గురయ్యాయి.

ఆలస్యంగా చదవడం నేర్పితే పిల్లలు వెనుకబడతారా అన్న ప్రశ్నపై న్యూజిలాండ్‌లో సెబాస్టియన్ సుగేట్ బృందం జరిపిన పరిశోధన 2013లో ప్రచురితమైనది. ఐదేండ్లకు, ఏడేండ్లకు చదవడం మొదలుపెట్టిన పిల్లల మధ్య తేడా సుమారు 11 ఏండ్లు వచ్చేసరికి కనిపించలేదని ఆ పరిశోధన తెలిపింది. అయితే అది పాఠశాల పిల్లలపై జరిగినది కనుక గృహవిద్యకు నేరుగా వర్తించదు. డిస్లెక్సియా వంటి పఠన లోపాలు ఆలస్యంగా బయటపడే ప్రమాదం కూడా ఉన్నది.

ఎల్.కె.జి. నుండే అక్షరాలు దిద్దించే బడులు అధికంగా ఉన్న తెలుగు రాష్ట్రాలలో, ఇంటి చదువు మధ్యలో మానివేసి బడిలో చేరే పిల్లలకు మొదట్లో ఇబ్బంది కలుగుతుంది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుండి 8 సంవత్సరాల వరకు ఆటపాటలతో కూడిన బోధన ఉండాలని సూచించింది.

ఇవి కూడా చూడండి
* రుడాల్ఫ్ స్టైనర్
* మాంటిస్సోరి విద్య
* శాంతినికేతన్
* విద్యాహక్కు చట్టం